ఎర్ర సీకుల దావత్

మా వీధిలో ఎవరింట్లో దావత్ ఉన్నా, పిలుపు అందుకున్నవాళ్లు ముందు ఒక మాట అడుగుతారు: "సీకులు గిట్ట పెడ్తలేరు గదా?" లేవని తేలాకే వస్తామంటారు. ఆర్మూర్‌లో భోజనానికి పిలిస్తే చెప్పులు వెతుక్కునేంత సేపు కూడా ఆగని జనానికి ఇంత ముందుజాగ్రత్త నేర్పింది నేనే. ఒక్క సాయంత్రంలో, ఒక పెద్ద గంజు నిండా చేప ముక్కలతో నేర్పాను. అదెట్లాగో చెబుతాను. నన్ను చూసి ఎంతైనా నవ్వుకోండి. మా అత్తమ్మను మాత్రం కాస్త మర్యాదగా తలుచుకోండి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మాది పసుపు ఇల్లు. గోడలకు పసుపు రంగు వేసిన ఇల్లని కాదు. పసుపు పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్ములు పాలిష్ పట్టించి మార్కెట్‌కు తోలే ఇల్లు. ఆ పనులు నడిచే రోజుల్లో మా దుప్పట్లు, దువ్వెనలు, ఫోన్ చార్జర్లు అన్నీ ఒకటే రంగులో ఉంటాయి. ఆలూర్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నేను ముచ్చటపడి ఒక తెల్ల చున్నీ తెచ్చుకున్నాను. వారం తిరగకముందే తెలుపు మీద ఆశ వదులుకున్నాను.

అత్తమ్మ పేరు నర్సవ్వ. వీధిలో ఆమెకు ఒక హోదా ఉంది. దిష్టి తీయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పసిపిల్ల పాలు తాగకపోయినా, కొత్త బండి స్టార్ట్ కాకపోయినా సాయంత్రానికి మా గుమ్మం ముందుకు వచ్చేవాళ్లు. ఆమె పళ్లెంలో నీళ్లు పోసి, ఇంత పసుపు, ఇంత సున్నం కలిపేది. నీళ్లు ఎర్రగా మారేవి. వాటిని మనిషి చుట్టూ తిప్పి తీసుకుపోయి, మూడు బాటలు కలిసే చోట పారబోసి వచ్చేది. ఆ ఎర్ర నీళ్లను మా దగ్గర ఎవరూ తొక్కరు, దాటరు. స్కూటర్ మీద వెళ్లేవాళ్లు కూడా పక్కకు తిప్పుకుని పోతారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. ఆ రోజు నేను గుర్తుంచుకోలేదు, కథంతా అందుకే జరిగింది.

ఆ ఏడాది అత్తమ్మ కళ్లకు పొర కమ్మింది. ఎదురుగా వస్తున్నది నేనో, పక్కింటి బర్రెనో గొంతు విన్నాక గానీ చెప్పలేకపోయేది. మా చిన్నది పుట్టేనాటికే చూపు మసకబారింది. దాని మొహాన్ని వేళ్లతో తడిమి, "గీ ముక్కు మనదే" అని తీర్పు చెప్పేది. దవాఖానలో చూపిస్తే ఆపరేషన్ చిన్నదే అన్నారు. కానీ షుగర్ దిగితే తప్ప చెయ్యలేమన్నారు. అన్నం, రొట్టె బాగా తగ్గించి చేపలు, గుడ్లు, కూరలు ఎక్కువ తినమన్నారు. అత్తమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆమెకు ఆకలితో పేచీ లేదు. పేచీ అంతా పళ్లెంతోనే. అందరం అన్నం కలుపుకుంటుంటే తనొక్కతే చేప ముక్కలు పెట్టుకుని కూర్చోవడం ఆమెకు తలవంపులుగా ఉండేది. "మీ తల్లెల ఒక తీరు, నా తల్లెల ఒక తీరా? నేనేమన్న పరాయిదాన్నా?" అనేది. మా ముందు నాలుగు ముక్కలు కొరికేది. మేము చేనుకు వెళ్లగానే, పక్కింట్లో బీడీలు చుట్టే ఆమెతో ముచ్చట పెట్టడానికని పోయి, అక్కడ పచ్చిపులుసు పోసుకుని కడుపునిండా బువ్వ తిని వచ్చేది. మళ్లీ దవాఖానకు పోతే, ఇట్లాగే ఉంటే ఆపరేషన్ సంగతి మర్చిపొమ్మన్నారు. ఆ రోజు ఆటోలో తిరిగి వస్తూ చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని, "దీని మొకం సక్కగ సూడకనే పోతనేమో పిల్లా" అంది. నాకు దుఃఖం ఆగలేదు. ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. నేను ఏదో ఒకటి చెయ్యాలనుకున్నప్పుడల్లా ఈ ఇంట్లో ఏం జరిగిందో మా ఆయనను అడిగితే చెబుతాడు.

పసుపు పనులు అయ్యాక ఏటా మా వాళ్లకు, పనిచేసినవాళ్లకు, చుట్టుపక్కల ఇళ్లకు దావత్ పెట్టడం మాకు అలవాటు. ఈసారి దావత్‌లో అన్నమే వండకూడదని నిర్ణయించాను. ఊరంతా ఒకటే తింటే, అత్తమ్మ పళ్లెం వేరుగా ఉండదు కదా. ఊరంతటితో కలిసి కూర్చుని అన్నం లేకుండా కడుపు నింపుకుంటే ఇక ఇంట్లో కూడా నామోషీ ఉండదు. సీకులకు చేప ముక్కలు, రొయ్యలు గుచ్చి బొగ్గుల మీద కాల్చడం, పక్కన ఉల్లిగడ్డ, కీర ముక్కలు. ఫోన్‌లో ఎవరో ఒకామె చేస్తుంటే చూశాను. ఆమె వంటిల్లు మా వాకిలి కంటే పెద్దగా ఉంది, అయినా ధైర్యం చేశాను.

మా ఆయన గంగాధర్ విని, అన్నం లేని దావత్‌కు పిలిస్తే జనం మనల్ని వెలేస్తారన్నాడు. అంతకంటే ముందు చిన్నమామను ఎట్లా ఒప్పిస్తావన్నాడు. చిన్నమామ అంటే మా మామయ్య తమ్ముడు భోజన్న. ఆయనకు పేరు పెట్టినవాళ్లు ఏం చూసి పెట్టారో గానీ, ఆయన జీవితమంతా ఆ పేరు నిలబెట్టడానికే ఖర్చు చేశాడు. ఇడ్లీ, దోశ, బిర్యానీ ఏది తిన్నా, చివర్లో ఇంత తెల్లన్నం పెరుగుతో పడితేనే తిన్నట్టు లెక్క. ఆయన సంగతి నేను చూసుకుంటానన్నాను. అంత ధైర్యంగా ఎట్లా అన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

దావత్ రోజు పొద్దున్నే గంగాధర్ మెండోరకు పోయి, ప్రాజెక్టు నీళ్లలో పట్టిన చేపలు, కొన్ని రొయ్యలు తెచ్చాడు. పాత డ్రమ్మును నిలువునా సగానికి కోయించి, అందులో బొగ్గులు పోసి పొయ్యి తయారుచేశాడు. వెల్డింగు షాపులో సన్న ఇనప ఊచలు కోయించి సీకులు చేయించాడు. తన పని తాను శుభ్రంగా చేశాడు పాపం. ఆ తర్వాత సంగతులకు బాధ్యత నాది.

ఫోన్‌లో ఆమె చిటికెడు పసుపు వెయ్యమంది. నాకు నవ్వొచ్చింది. ఆర్మూర్‌లో, అందులోనూ కొత్త పసుపు ఇంట్లోకి వచ్చిన వారంలో చిటికెడా? మా అత్తమ్మ గడప కడిగితేనే అంతకంటే ఎక్కువ పోతుంది. పిడికిళ్లతో వేశాను. చేప ముక్కలన్నీ బంగారు రంగులో మెరిసిపోయాయి. నాకే ముద్దొచ్చాయి. తర్వాత ఆమె, కొంచెం వంటసోడా చల్లితే ముక్క మెత్తగా, రొయ్య గట్టిగా వస్తుందని చెప్పింది. మెత్తగానా, గట్టిగానా అన్న అనుమానం కూడా రాలేదు నాకు. అంత పెద్ద గంజుకు కొంచెం ఏం సరిపోతుందని చేతికొచ్చినంత చల్లి కలిపాను. ఆమె ఆ తర్వాత ఇంకేదో చెప్పబోతుండగా చిన్నది ఏడ్చింది. ఫోన్ ఆపేసి లేచాను.

తిరిగి వచ్చేసరికి గంజులో చేపలు ఎర్రగా ఉన్నాయి.

కారం ఎర్ర కాదు. అసలు కారం ఇంకా వెయ్యనేలేదు. కలిపిన నా చేతులు కూడా మోచేతి దాకా ఎర్రగా ఉన్నాయి. నిలబడి ఆలోచించాను. బుర్ర ఉన్నవాళ్లు ఎవరైనా అక్కడ ఆగిపోతారు. నాకు తట్టింది ఏమిటంటే, పసుపు తక్కువైంది, అందుకే పచ్చదనం పోయిందని. ఇంకో రెండు పిడికిళ్లు వేశాను. అది నా కళ్ల ముందే, నా చేతి కిందే ఎర్రబడింది. మళ్లీ వేశాను. మా అత్తమ్మ సున్నంతో చేసే పనే నేను వంటసోడాతో చేస్తున్నానని, గంజు నిండా దిష్టి నీళ్లు కలుపుతున్నానని నాకు ఎక్కడా తోచలేదు. రోజూ గుమ్మంలో చూసిన రంగును వంటింట్లో గుర్తుపట్టలేకపోయాను.

గంగాధర్ బొగ్గులు రాజేసి లోపలికి వచ్చి గంజులోకి తొంగిచూశాడు. ముందు నా చేతులు చూశాడు, తర్వాత కత్తిపీట చూశాడు.

"ఎక్కడ కోసుకున్నవే?" అన్నాడు.

"కోసుకోలే. అది మసాల."

"ఏం మసాల?"

"ఫోన్ల సూసిన మసాల" అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా సీకులు ఎత్తుకుని బయటికి పోయాడు. పెళ్లయి ఇన్నేళ్లయ్యాక మగవాళ్లకు వచ్చే తెలివి అది.

పొద్దు వాలేసరికి వాకిలి నిండింది. పసుపు పనికి వచ్చిన ఆడవాళ్లు, నందిపేట్ నుంచి మా ఆడబిడ్డ వాళ్లు, వీధిలో వాళ్లు అందరూ వరసగా చాపల మీద కూర్చున్నారు. అత్తమ్మ అరుగు మీద చిన్నదాన్ని పట్టుకుని కూర్చుంది. భోజన్న చిన్నమామ అందరికంటే ముందు వచ్చి, వంటింటికి దగ్గరగా ఉండే చోటు చూసుకున్నాడు. బొగ్గుల మీద సీకులు పెట్టగానే వాసన బాగానే వచ్చింది. జనం మెచ్చుకోలుగా ముక్కులెగబీల్చారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాలితే రంగు అదే సర్దుకుంటుందనుకున్నాను. కాలిన కొద్దీ ఇంకా ముదిరింది. పళ్లెంలో పేర్చి జనం మధ్యలో పెట్టాను. పట్టుబడ్డ ముద్దాయిల్లా వరసగా ఎర్రగా పడుకున్నాయవి.

ఎవరూ చెయ్యి చాచలేదు. ఒకామె తన బిడ్డను వెనక్కి లాక్కుంది. వీధిలో ఆ ఎర్రను చూస్తే పక్కకు తప్పుకునే జనం, ఇప్పుడు తప్పుకుందామంటే భోజనం మధ్యలో ఉన్నారు. భోజన్న చిన్నమామ ముందుకు వంగి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"కోడలా, ఏమనుకోకు. గీ ముక్కలు దిష్టి నీళ్లల్ల నానబెట్టినవా?"

అప్పుడు తెలిసింది నాకు. ఆ మాటతో ఒక్కసారిగా పసుపు, సోడా, అత్తమ్మ పళ్లెం, మూడు బాటలు అన్నీ వచ్చి నా నెత్తిన పడ్డాయి.  నాది కాని ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాను. చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. పక్కింటి ఆమె మంచి మనసుతోనే లేచి, తన ఇంట్లో బియ్యం ఉన్నాయనీ, ఎసరు పెడితే ఇంతలో అయిపోతుందనీ అంది. అందరి మొహాలు వెలిగాయి. చిన్నమామ అప్పుడే సరిగ్గా కూర్చున్నాడు.

ఎసరు పెడితే నా పరువు నిలబడుతుంది, నాకు తెలుసు. కానీ అన్నం వచ్చిందంటే అత్తమ్మ కూడా అందరితో పాటు అదే తింటుంది. అన్నం లేకుండా పదిమందిలో కూర్చోవచ్చని చూపించడానికి పెట్టిన దావత్, అన్నం లేకపోతే ఎవరూ తినరని చూపించి ముగుస్తుంది. ఇక ఆపరేషన్ మాట ఆమె ఎత్తదు, ఎవరినీ ఎత్తనివ్వదు. వద్దనలేకపోయాను, సరే అనలేకపోయాను. కళ్లలో నీళ్లు వచ్చేస్తున్నాయి. పొగ వల్లనని చెప్పుకుందామని డ్రమ్ము వైపు జరిగాను.

అరుగు మీద నుంచి అత్తమ్మ లేచింది. చిన్నదాన్ని ఆడబిడ్డ చేతికిచ్చి, గోడ పట్టుకుంటూ వచ్చి, జనం మధ్యలో చాప మీద కూర్చుంది. "నాకేదే, నా సీకు?" అంది. నేను ఒకటి అందించాను. ఆమె కళ్లకు ఏమీ కనబడదని అందరికీ తెలుసు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ముక్క లాగి నోట్లో వేసుకుంది. నిదానంగా నమిలింది. మింగింది. ఇంకోటి వేసుకుంది.

"మంచిగున్నది" అంది. "జర పులుపు తక్కువైంది. పెరట్ల చెట్టుకు నిమ్మకాయలున్నయి, తెంపుకరా పో. అందరికి పిండు."

నేను పరిగెత్తి దొరికినన్ని తెంపుకొచ్చాను. ఆమె సీకు మీద పిండాను. ఎర్ర ముక్క మీద రసం పడ్డచోట పసుపు రంగు తిరిగి వచ్చింది. అబద్ధం చెప్పడం లేదు, మీ ఇంట్లో పసుపు, సోడా, నిమ్మకాయ ఉంటే చూసుకోండి. పళ్లెం మీద పిండితే పళ్లెమంతా మారింది. ఎర్రదనం తొలగిపోయి, పొద్దున నాకు ముద్దొచ్చిన ఆ బంగారు రంగు పూర్తిగా కాకపోయినా చాలావరకు వచ్చింది. జనం లేచి నిలబడి చూశారు. చిన్నమామ ఒక్కడే కూర్చుని, తీర్పు చెప్పాడు.

"ఎర్ర నీళ్లయినయి, నిమ్మకాయలైనయి. ఇగ గుమ్మడికాయ గొట్టుడొక్కటే తక్కువ."

ముందు అత్తమ్మ నవ్వింది. తర్వాత వాకిలంతా నవ్వింది. నవ్విన జనానికి భయం పోయింది, భయం పోయిన జనానికి ఆకలి తెలిసింది. ఒకరు చెయ్యి చాచారు, ఇంకొకరు నిమ్మకాయ అడిగారు. చివరికి సీకుల కోసం వరస కట్టారు. పక్కింటి ఆమె బియ్యం సంగతి మర్చిపోయి రొయ్యలు వెతుక్కుంది. చిన్నమామ ఎన్ని తిన్నాడో నేను చెప్పను, ఆయన ఇది చదివినా చదువుతాడు. తిన్నాక మూతి తుడుచుకుని, టిఫిన్ బాగుందని నన్ను మెచ్చుకుని, భోజనానికి ఇంటికి పోయాడు.

అత్తమ్మ ఆ సాయంత్రం అన్నం అడగలేదు. మర్నాడు కూడా అడగలేదు. ఊరంతా తిన్నది తింటే తప్పేముందని ఆమె లెక్క. వీధిలో ఆడవాళ్లు ఎప్పుడు కనబడ్డా ఆ సీకుల ముచ్చటే. తినేవాళ్లు భయపడ్డ సంగతి, మొదట తిన్నది నర్సవ్వ అన్న సంగతి చెప్పుకునేవాళ్లు. దాంతో ఆ తిండికి ఆమె పెద్దరికం అంటుకుంది. పక్కింట్లో పచ్చిపులుసుకు పోవడం మానేసింది. షుగర్ మెల్లగా దిగింది. ఆపరేషన్ అయింది.

కంటి కట్టు విప్పిన రోజు చిన్నదాన్ని ఆమె ముందు నిలబెట్టాం. చాలాసేపు చూసింది. "ముక్కు మీ అమ్మ దిక్కుదే పిల్లా, నేను ఉత్తగనే మనదన్న" అని నాతో అంది. ఇద్దరం ఏడ్చాం. డాక్టర్ కళ్లు తడపొద్దన్నాడని గంగాధర్ ఆమెను కోప్పడుతూ తనూ ఏడ్చాడు.

కొన్నాళ్లకు ఆమే అడిగింది, సీకులు చెయ్యమని. ఈసారి నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. సోడా ముట్టుకోలేదు, పసుపు చిటికెడే వేశాను, ఫోన్‌లో ఆమె చెప్పేది చివరిదాకా విన్నాను. చివర్లో ఆమె చెప్పింది నిమ్మకాయ గురించే. సీకులు చక్కగా బంగారు రంగులో కాలాయి. గర్వంగా పళ్లెం తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె కొత్త కళ్లతో అటూ ఇటూ తిప్పి చూసింది.

"గివి ఎర్రగ లేవేందే?" అంది.

 "అప్పుడు నీకు కనబడలేదు గద అత్తమ్మా" అన్నాను.

"ఎన్నేండ్లసంది కలుపుతున్న గా నీళ్లు. గా ఎర్ర కనబడనంత గుడ్డిదాన్నా?" అని ఒక ముక్క నోట్లో వేసుకుంది. "గా దినం మొదటి ముక్క బట్టల సబ్బు లెక్క ఉండె. గుటుక్కున మింగిన."

"మరెందుకు తిన్నవు?"

ఆమె నన్ను సూటిగా చూసింది. "నువ్వు ఏడ్వబోతున్నది గూడ కనబడ్డది బిడ్డా" అంది.

 ఆమె చూపు కోసం నేను దావత్ పెట్టానని అన్నాళ్లూ లోలోపల గొప్పపడుతున్నాను. ఆ దావత్‌ను, నన్ను, తన చూపును కలిపి గట్టెక్కించింది ఆమె. సబ్బు లాంటి ముక్కను పదిమంది ముందు మంచిగుందని మింగిన మనిషికి కోడలినైనందుకు నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. ఈసారి పొగ వల్లనని చెప్పను.

కాబట్టి ఇందుమూలంగా, వీధిలోని పెద్దలందరి సాక్షిగా, కొత్త పసుపు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. మా ఇంట్లో వంటసోడా, పసుపు ఒకే గిన్నెలోకి ఇక ఎప్పటికీ దిగవు. వంటసోడా డబ్బాను బట్టల సబ్బుల పక్కకు మార్చేశాను. గంగాధర్ నమ్మానన్నాడు. భోజన్న చిన్నమామ అన్నం వండితే నమ్ముతానన్నాడు. అత్తమ్మ మాత్రం, నేను వంటింట్లోకి అడుగు పెడితే చాలు, పెరట్లోకి పోయి ఒక నిమ్మకాయ తెంపుకొచ్చి, చేతిలో పట్టుకుని కూర్చుంటోంది.